ఎల్ఎంఎస్ సర్వర్‌లో కమాండ్ ఇంజెక్షన్: లాగిన్ ఉంటే సరిపోదా?

గుంటూరు_ల్యాబ్:
అందరికీ నమస్తే అండి. మాది ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, పేరు వద్దులెండి. నా అసలు డ్యూటీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం, కానీ నాక్ వాళ్ళు (కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చేవాళ్ళు) వస్తున్నారు అనగానే ఎల్ఎంఎస్ (పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) కూడా నా నెత్తినే పడింది. మూడుల్ అనే ఎల్ఎంఎస్ ఒకటి ఉంది, దాని పక్కనే అదే సర్వర్‌లో ఎప్పుడో సీనియర్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కింద రాసిన పీహెచ్‌పీ పోర్టల్ ఒకటి నడుస్తోంది, లెక్చరర్లు పీపీటీ ఎక్కిస్తే అది పీడీఎఫ్ చేసి పిల్లలకి చూపిస్తుంది. ఈమధ్య ఆడిట్‌కి వచ్చినాయన రిపోర్టులో ఓఎస్ కమాండ్ ఇంజెక్షన్, క్రిటికల్ అని రాసి వెళ్ళాడు. మా ప్రిన్సిపాల్ గారేమో లాగిన్ ఉంది కదయ్యా, పాస్‌వర్డ్ లేకుండా ఎవడొస్తాడు లోపలికి అంటున్నారు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ గురించి కాస్త తెలుసు గానీ ఇదేంటో ఎవరన్నా మామూలు మాటల్లో చెప్తారా. ఇలాంటివి మా పోర్టల్ లాంటి చేతిరాత సాఫ్ట్‌వేర్లలోనేనా, పెద్ద వాటిల్లో కూడా ఉంటాయా?

శ్రావణి_సెక్:
పెద్ద వాటిల్లో కూడా ఉంటాయండి, ఉన్నాయి కూడా. ముందు అదేంటో చెప్తా. మీ పోర్టల్ పీపీటీని తనంతట తాను పీడీఎఫ్ చెయ్యదు కదా, సర్వర్‌లో లిబ్రే ఆఫీసో ఇంకోటో ఉంటుంది, దాన్ని పిలుస్తుంది. పిలవడం అంటే ఒక లైన్ తయారుచేసి షెల్ (రాసిన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) చేతికి ఇవ్వడమే, ఆ లైన్ చివర్లో లెక్చరర్ ఇచ్చిన ఫైల్ పేరు అతికిస్తారు. షెల్‌కి ఏది కమాండో ఏది పేరో తేడా తెలీదు, ఒకే లైన్‌గా చదువుకుంటూ పోతుంది, మధ్యలో సెమీకోలన్ గానీ పైప్ గానీ యాంపర్‌సాండ్ గానీ వస్తే ఇక్కడితో ఒక పని అయిపోయింది తర్వాతది ఇంకో పని అనుకుంటుంది. కాబట్టి ఫైల్ పేరులో సెమీకోలన్ పెట్టి దాని వెనక ఇంకో కమాండ్ రాస్తే అది కూడా నడుస్తుంది, వెబ్ సర్వర్ యూజర్‌కి ఏమేం హక్కులు ఉన్నాయో అన్నిటితో. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌లో డేటాబేస్ పోతుంది, ఇందులో ఏకంగా మెషినే వాడి చేతికి పోతుంది. సాఫ్ట్‌వేర్ లోపాల రకాలకి నంబర్లిచ్చే సీడబ్ల్యూఈ లిస్టులో దీని నంబర్ 78.

పాత_లైనక్స్:
తమ్మీ ఒక్కటి అడుగుత. మీ పోర్టల్ అప్‌లోడ్ పేజీ మీద "ఫైల్ పేరులో స్పేసులు, బ్రాకెట్లు, & గుర్తు పెట్టవద్దు" అని ఎర్ర అక్షరాలతో ఏమన్నా రాసున్నదా?

గుంటూరు_ల్యాబ్:
అన్నా మీకెలా తెలుసు?? ఉంది. సర్క్యులర్ కూడా ఇచ్చారు, ప్రింటు తీసి స్టాఫ్ రూమ్‌లో అంటించారు.

పాత_లైనక్స్:
గదే మరి. ఆడిటర్ కంటే ముందే ఆ కాగితం చెప్పింది మీకు. వరంగల్‌ల నేను పాత ఆఫీసుల చేస్తున్నప్పుడు గిట్లాంటిదే ఒక డాక్యుమెంట్ పోర్టల్ ఉండె, ఎవరో మేడమ్ "ఆల్జీబ్రా & కాలిక్యులస్" అని పేరు పెట్టి పీపీటీ ఎక్కించింది, కన్వర్ట్ కాలే. లాగ్ తెరిచి చూస్తే కాలిక్యులస్ అనే కమాండ్ దొరకలేదు అని ఎర్రర్. అంటే ఏందన్నట్టు, షెల్ ఆల్జీబ్రా కాడ ఆగి, & తర్వాత ఉన్నదాన్ని ప్రోగ్రామ్ పేరనుకొని వెతికింది. కాలిక్యులస్ అనే ప్రోగ్రామ్ లేదు గనుక బచాయించినం, దాని జాగాల నిజంగ ఉండే కమాండ్ పేరు రాసి ఉంటే అది నడిచేది. అప్పటోళ్ళు ఏం చేసిన్రు, కోడ్ ముట్టలే, పేర్లు సాఫ్ పెట్టుకోమని నోటీసు పెట్టిన్రు. నేనైతే ఏ కాలేజీ పోర్టల్ చూసినా ముందు ఆ ఎర్ర నోటీసు ఉన్నదా లేదా చూస్త. ప్రతి నోటీసు వెనక ఇదే ఉంటదని కాదు, కొన్నిచోట్ల యూఆర్ఎల్ సమస్యకి కూడా పెడతరు, కానీ అనుమానం అయితే పెట్టుకోవాలె.

శ్రావణి_సెక్:
పాత_లైనక్స్ గారూ ఇది నేను మా టీమ్‌కి చెప్తా 😄 చాలా బాగుంది. అచ్చం ఇదే పని పెద్ద ఎల్ఎంఎస్‌లో జరిగింది. చామిలో అని ఓపెన్ సోర్స్ ఎల్ఎంఎస్, డోకియోస్ నుంచి 2010లో విడిపోయి వచ్చింది. అందులో పీపీటీని పాఠంగా మార్చే వెబ్ సర్వీసు ఒకటుంది. సీవీఈ-2023-34960 (సీవీఈ అంటే బయటపడ్డ ఒక్కో లోపానికి ఇచ్చే నంబర్) దాని గురించే: ఆ సర్వీసుకి పంపే పవర్‌పాయింట్ ఫైల్ పేరు సరిగ్గా కడగకుండానే కమాండ్‌లోకి వెళ్ళింది, 1.11.18 దాకా వెర్షన్లకి. ఇప్పుడు మీ ప్రిన్సిపాల్ గారి ప్రశ్నకి జవాబు: ఆ సర్వీసుకి లాగిన్ అక్కర్లేదు. అసలు అకౌంటే లేనివాడు నేరుగా పిలవొచ్చు. అందుకే తీవ్రత స్కోరు 10కి 9.8.

తర్వాత కథ ఇంకా దారుణం. ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చారు, అది చాల్లేదు, అదే ఫైల్‌లో ప్యాచ్‌ని దాటుకుని వెళ్ళే దారి స్టార్ ల్యాబ్స్ అనే సెక్యూరిటీ సంస్థ వాళ్ళు పట్టుకున్నారు, దానికి వేరే నంబర్ సీవీఈ-2023-3368, ఈసారి 1.11.20 దాకా. అదే ఏడాది ఇంకోటి, సీవీఈ-2023-4220, పెద్ద ఫైళ్ళు ముక్కలుగా ఎక్కించే చోట ఏ ఫైలైనా ఎక్కించొచ్చు, లాగిన్ లేకుండా, పీహెచ్‌పీ ఫైల్ ఎక్కిస్తే దాన్ని బ్రౌజర్‌లో తెరిచి నడిపించేయొచ్చు. అది కమాండ్ ఇంజెక్షన్ కాదు గానీ చివరికి చేరేది అక్కడికే.

బీటెక్_ఫైనల్:
అన్నా మా కాలేజీది కూడా ఇలాంటి పోర్టలే, ఎర్ర నోటీసు కూడా ఉంది 😂 ఈ రాత్రి ఒకసారి సెమీకోలన్ పెట్టి చూస్తా, స్లీప్ కమాండ్ (కాసేపు ఆగమనేది) ఒక్కటే, ఏం పాడవదుగా

మోడరేటర్:
వద్దు. పర్మిషన్ కాగితం లేకుండా చెయ్యొద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది, చదువు అయ్యే టైమ్‌లో నీకెందుకు. అనుమానం ఉంటే నోటీసు ఫోటో తీసి మీ హెచ్ఓడీకి చూపించు, వినకపోతే దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి రిపోర్టు పంపే దారి ఉంది. ఇక్కడ కూడా ఎవరూ రెడీగా వాడుకునే కమాండ్లు పెట్టకండి, తీసేస్తాను.

బీటెక్_ఫైనల్:
సరే అన్నా. ఇంట్లో వర్చువల్ మెషిన్‌లో పాత వెర్షన్ వేసుకుని చూసుకుంటా.

మోడరేటర్:
అది చేసుకో, దానికేం అడ్డు లేదు. నెట్‌వర్క్ బయటికి తెరవకుండా.

మెకానికల్_మాస్టారు:
నేను టెక్నికల్ మనిషిని కాదు, పాఠాలు చెప్పుకునేవాణ్ణి, మూడుల్ మాత్రం రోజూ వాడతాను. ఒక సందేహం. ఇదంతా బయటివాడి గురించి అయితే అర్థమయ్యింది. మా దగ్గర ఈ ఆడిట్ అయ్యాక కాలిక్యులేటెడ్ ప్రశ్నలు తయారుచేసే హక్కు లెక్చరర్ల దగ్గర నుంచి తీసేశారు. థర్మోడైనమిక్స్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో అంకె వచ్చేలా ప్రశ్నలు పెట్టుకుంటే కాపీ కొట్టడం కుదరదు, సంవత్సరాలుగా కష్టపడి తయారుచేసుకున్న క్వశ్చన్ బ్యాంక్ అది. ఎందుకు తీశారయ్యా అంటే సెక్యూరిటీ అంటారు. మేమేమన్నా దొంగలమా?

శ్రావణి_సెక్:
మాస్టారూ మీరు దొంగలని కాదు, కానీ వాళ్ళ భయానికి కారణం ఉంది. కాలిక్యులేటెడ్ ప్రశ్నలో మీరు ఫార్ములా రాస్తారు కదా, దాని విలువ కట్టడానికి మూడుల్ ఆ ఫార్ములాని పీహెచ్‌పీలో ఇవాల్ అనే దానికి ఇస్తుంది. ఇవాల్ అంటే ఏ అక్షరాలిస్తే వాటిని ప్రోగ్రామ్‌గా నడిపేస్తుంది. అందుకని ముందు ఫార్ములాని తనిఖీ చేస్తారు, సైన్, కాస్, ప్లస్, మైనస్ తప్ప ఇంకేం లేవని. 2018లో రిప్స్ అనే సంస్థ ఆ తనిఖీని దాటించి చూపించింది, సీవీఈ-2018-1133, "ఈవిల్ టీచర్" అని పేరు పెట్టారు దానికి. టీచర్ హక్కు ఉన్న అకౌంట్ చాలు, సర్వర్‌లో కోడ్ నడపొచ్చు. మూడుల్ 3.5లోనూ అప్పటి పాత బ్రాంచీల్లోనూ (పాత వెర్షన్ల వరసల్లోనూ) మూశారు. మళ్ళీ 2024 ఆగస్టులో అదే చోట, అదే కాలిక్యులేటెడ్ ప్రశ్నలో, రెడ్‌టీమ్ పెంటెస్టింగ్ అనే సంస్థ వాళ్ళు ఇంకో దారి పట్టుకున్నారు, సీవీఈ-2024-43425, అది 4.4.2, 4.3.6, 4.2.9, 4.1.12లలో సర్దారు. కచ్చితంగా మాట్లాడితే ఇది కోడ్ ఇంజెక్షన్, షెల్ దాకా పోకుండా పీహెచ్‌పీలోనే జరుగుతుంది. అక్కడి నుంచి షెల్‌ని పిలవడం ఒక్క అడుగు, అంతే.

మెకానికల్_మాస్టారు:
మరి సరిచేశారు అంటున్నారుగా. సరిచేసిన వెర్షన్ వేసుకుంటే నా ప్రశ్నలు నాకు ఇచ్చేయొచ్చుగా.

శ్రావణి_సెక్:
ఇచ్చేయొచ్చండి, ఇవ్వాలి కూడా. హక్కు పీకేయడం తాత్కాలికంగా చెయ్యాల్సిన పని, అప్‌డేట్ చెయ్యడం బద్ధకించి దాన్నే శాశ్వతం చేసేశారు మీవాళ్ళు. ఆ విషయంలో మీ కోపం న్యాయమే.

డల్లాస్_వెంకట్:
ఇక్కడ ఒక యూనివర్సిటీ ఎల్ఎంఎస్ టీమ్‌లో చేస్తున్నా. మాస్టారి పాయింట్‌ని కొంచెం పైకి తీసుకెళ్తా. అసలు ఎవర్ని నమ్మాలి అన్నదే ఇక్కడ గొడవంతా. మూడుల్ స్పెల్ చెకర్ సంగతి చూడండి. సర్వర్‌లో ఆస్పెల్ అనే ప్రోగ్రామ్ ఎక్కడుందో అడ్మిన్ సెట్టింగుల్లో దారి రాస్తాడు. 2013 అక్టోబర్ చివర్లో రాపిడ్7 అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టినది ఏంటంటే, ఆ దారి దగ్గర ఆస్పెల్ బదులు ఇంకో కమాండ్ రాసి, స్పెల్ చెక్ నొక్కితే అది నడుస్తుంది అని, సీవీఈ-2013-3630. 2021లో సిస్కో కంపెనీ సెక్యూరిటీ టీమ్ టాలోస్ వాళ్ళు 3.10లో అదే పాత స్పెల్ చెకర్ మీద మళ్ళీ రిపోర్ట్ చేశారు, సీవీఈ-2021-21809. రెండిటికీ అడ్మిన్ లాగిన్ కావాలి. మూడుల్ పద్ధతి ప్రకారం సైట్ అడ్మిన్ అంటే పూర్తిగా నమ్మిన మనిషి, వాడు ప్లగిన్ (మూడుల్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్) ఎక్కించొచ్చు, ప్లగిన్ అంటేనే పీహెచ్‌పీ కోడ్, అలాంటివాడు ఆస్పెల్ దగ్గర కమాండ్ రాస్తే కొత్తగా ఏం సాధించాడు? నా మటుకు నాకు అది లోపమే కాదనిపిస్తుంది, కాగితం మీద లోపం.

పాత_లైనక్స్:
వెంకట్ భాయ్ డల్లాస్‌ల అది కాగితం మీద లోపమే కావచ్చు, మీకు అడ్మిన్ అంటే ఒక్కడో ఇద్దరో ఉంటరు, ఫోన్‌కి కోడ్ వస్తె గానీ లాగిన్ కారు. ఇక్కడ అడ్మిన్ పాస్‌వర్డ్ కాలేజీ పేరు, ఎట్ ద రేట్ గుర్తు (@), 123. ల్యాబ్‌ల వైట్ బోర్డు మూలకి రాసుంటది. ప్రిన్సిపాల్ పీఏకి తెలుసు, పోయినేడు రిజైన్ చేసినోనికి తెలుసు, ఇంటర్న్ పిల్లలకి తెలుసు. అసొంటి చోట అడ్మిన్ నమ్మిన మనిషి అంటే ఎవరు? ఊరంతా నమ్మిన మనుషులే. గుంటూరు తమ్మీ, మీ దగ్గర ఎట్లున్నది?

గుంటూరు_ల్యాబ్:
బోర్డు మీద లేదు గానీ... మిగతావి అన్నీ అంతే అన్నా 🙈

డల్లాస్_వెంకట్:
హహ, ఒప్పుకుంటా, కానీ అది పాస్‌వర్డ్ సమస్య, సాఫ్ట్‌వేర్ లోపం కాదు అనే అంటా నేను.

శ్రావణి_సెక్:
రెండూ కలిసే కాల్తాయి వెంకట్ గారూ. సీవీఈ-2020-14321 గుర్తుందా? కోర్సులో టీచర్‌గా ఉన్నవాడు ఎన్‌రోల్‌మెంట్‌లో జరిగిన పొరపాటు పట్టుకుని తనకు తాను మేనేజర్ రోల్ ఇచ్చుకోవచ్చు, నిజమైన మేనేజర్‌ని ఆ కోర్సులో చేర్చి వాళ్ళలాగా లాగిన్ అవ్వొచ్చు, అక్కడి నుంచి ప్లగిన్ ఎక్కించే దాకా వెళ్ళొచ్చు. అంటే అడ్మిన్‌ని నమ్మాం కాబట్టి పర్లేదు అని వదిలేసిన ప్రతి తలుపూ, టీచర్ దగ్గర నుంచి పైకి ఎక్కే మెట్టు ఎవడన్నా కనిపెట్టిన రోజున టీచర్ తలుపు అయిపోతుంది. అది 3.9.1లో సర్దారు, అప్పటి పాత బ్రాంచీలు 3.8, 3.7, 3.5లకి కూడా ఇచ్చారు. అయినా వెబ్ పేజీ నుంచి సర్వర్‌లో ఏ ప్రోగ్రామ్ నడవాలో మార్చే అవసరం కాలేజీకి ఎన్నిసార్లు వస్తుందండి? ఆ పెట్టె అక్కడ ఎందుకుండాలి?

డల్లాస్_వెంకట్:
అది నిజం. ఆ పెట్టె మూసే ఆప్షన్ కూడా వాళ్ళే ఇచ్చారు. కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రివెంట్‌ఎగ్జెక్‌పాత్ అని ఉంటుంది, అది ట్రూ చేస్తే సిస్టమ్ పాత్స్ పేజీలో దారులు వెబ్ నుంచి ఎవరూ మార్చలేరు, అడ్మిన్ అయినా సరే. అలాగే డిజేబుల్‌అప్‌డేట్‌ఆటోడిప్లాయ్ ట్రూ చేస్తే వెబ్ నుంచి ప్లగిన్ ఎక్కించడం కుదరదు, సర్వర్‌లోకి దిగి కాపీ చేసుకోవాలి. మేం రెండూ పెట్టేశాం. ప్లగిన్ కావాలంటే మాకు టికెట్ వెయ్యాలి, ప్రొఫెసర్లు తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

మెకానికల్_మాస్టారు:
తిట్టుకుంటాం మరి.

కోడ్_రన్నర్_ఫ్యాన్:
మధ్యలో వస్తున్నా సారీ. మాకు సీ లాంగ్వేజ్ ల్యాబ్ మొత్తం మూడుల్‌లోనే, కోడ్‌రన్నర్ ప్లగిన్‌తో. పిల్లాడు రాసిన ప్రోగ్రామ్ అక్కడే కంపైల్ అయ్యి నడిచి మార్కులు వస్తాయి. మీరు చెప్పేదాన్ని బట్టి చూస్తే ఇది తెలిసి తెలిసి పెట్టుకున్న కమాండ్ ఇంజెక్షన్ కాదా??

డల్లాస్_వెంకట్:
మంచి ప్రశ్న. అవును, పరాయివాడి కోడ్ నడపడమే దాని పని, అందుకే ఎక్కడ నడుస్తుంది అన్నది ముఖ్యం. కోడ్‌రన్నర్ ఆ కోడ్‌ని మూడుల్ సర్వర్‌లో నడపదు, జోబ్ అనే వేరే సర్వర్‌కి పంపుతుంది, అది తక్కువ హక్కులున్న యూజర్ కింద, టైమ్‌కి మెమరీకి హద్దులు పెట్టి నడుపుతుంది. ఓపెన్ ఎడెక్స్ అనే ఇంకో ఎల్ఎంఎస్‌లో కూడా టీచర్ రాసే పైథాన్ గ్రేడర్లకి కోడ్‌జైల్ అని ఉంది, యాప్‌ఆర్మర్ అనే లైనక్స్ కాపలా మీద ఆధారపడుతుంది. వీళ్ళు మొదట్నించీ ఈ కోడ్‌ని నమ్మకూడదు అనుకుని కట్టుకున్నారు. పీపీటీ కన్వర్టర్ రాసినవాడు అది కేవలం ఫైల్ పేరే కదా అనుకున్నాడు. మీ జోబ్ ఎక్కడ పెట్టారు?

కోడ్_రన్నర్_ఫ్యాన్:
అదే మెషిన్‌లో... సర్వర్ ఒక్కటే ఉంది మా దగ్గర.

డల్లాస్_వెంకట్:
రేపే విడదీయండి. పాత డెస్క్‌టాప్ అయినా పర్లేదు, మూడుల్ సర్వర్ నుంచి తప్ప దానికి ఎవరూ చేరకుండా ఫైర్‌వాల్ పెట్టండి, దాని నుంచి బయటికి కూడా ఏమీ వెళ్ళకుండా.

గుంటూరు_ల్యాబ్:
చాలా తెలిసిందండి. ఇప్పుడు మా పోర్టల్ కోడ్ తెరిచి చూశా, శ్రావణి గారు చెప్పినట్టే ఎగ్జెక్ (పీహెచ్‌పీలో షెల్‌ని పిలిచేది) లోపల ఫైల్ పేరు అలాగే అతికించేశారు. ఎస్కేప్‌షెల్‌సీఎండీ అనేది చుట్టేస్తే అయిపోతుందా?

శ్రావణి_సెక్:
అది కాదండి, ఎస్కేప్‌షెల్‌ఆర్గ్. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ పని వేరు. సీఎండీ అనేది కొత్త కమాండ్ మొదలవకుండా ఆపుతుంది గానీ స్పేస్ పెట్టి కొత్త ఆప్షన్లు తగిలించడాన్ని ఆపదు. ఆర్గ్ అనేది మొత్తాన్ని ఒకే పేరుగా కట్టేస్తుంది. రెండూ కలిపి వాడితే ఇంకా సేఫ్ అనుకోవద్దు, పీహెచ్‌పీమెయిలర్ అనే మెయిల్ పంపే లైబ్రరీ‌లో 2016 డిసెంబర్‌లో అదే జరిగింది. మెయిల్ పంపేవాడి అడ్రస్ ద్వారా సెండ్‌మెయిల్‌కి అదనపు ఆప్షన్లు పంపొచ్చని తేలింది, సీవీఈ-2016-10033, 5.2.18లో సర్దారు, ఆ సర్దుబాటులో వాడిన ఆర్గ్‌కి లోపల పీహెచ్‌పీ తనంతట తాను వేసే సీఎండీకి పడక మళ్ళీ బయటికి దారి ఏర్పడింది, సీవీఈ-2016-10045, 5.2.20 దాకా ఆగాల్సొచ్చింది.

అన్నిటికంటే మంచిది ఏంటంటే లెక్చరర్ ఇచ్చిన పేరు కమాండ్ దగ్గరికి అసలు రానివ్వకండి. ఫైల్ ఎక్కగానే మీరే ఒక ర్యాండమ్ పేరు పెట్టి దాచుకోండి, అసలు పేరు డేటాబేస్‌లో ఉంచి చూపించేటప్పుడు వాడండి. అప్పుడు ఎర్ర నోటీసు కూడా పీకేయొచ్చు, లెక్చరర్లు దండం పెడతారు మీకు. దాని పైన, పీహెచ్‌పీ 7.4 నుంచి ఇంకో ప్రోగ్రామ్‌ని నడిపే ప్రాక్‌ఓపెన్‌కి కమాండ్‌ని ఒకే లైన్‌గా కాకుండా ముక్కల అర్రేగా (విడివిడి ముక్కల జాబితాగా) ఇవ్వొచ్చు, అప్పుడు లైనక్స్‌లో మధ్యలో షెల్లే ఉండదు, సెమీకోలన్‌కి అర్థమే లేదు. 2024 జూలైలో అమెరికా సైబర్ ఏజెన్సీ సీసా, ఎఫ్‌బీఐ కలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఇచ్చిన హెచ్చరిక సారం కూడా ఇదే, యూజర్ ఇచ్చినదాన్ని కమాండ్ నుంచి విడిగా ఉంచండి అని. కాకపోతే పేరు మైనస్ గుర్తుతో మొదలైతే అవతలి ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ అనుకునే ప్రమాదం అర్రే ఇచ్చినా ఉంటుంది, ర్యాండమ్ పేరు పెడితే ఆ గొడవా ఉండదు.

గుంటూరు_ల్యాబ్:
పీహెచ్‌పీ 7.2 ఉందండి మా దగ్గర. ఉబుంటు 18.04. మూడుల్ 3.9.

పాత_లైనక్స్:
ఆగాగు. ముగ్గురూ ముసలోళ్ళే కదా. మూడుల్ 3.9కి సెక్యూరిటీ సపోర్టు 2023 డిసెంబర్‌ల ఆగింది, అంటే 2024ల దొరికిన ఆ కాలిక్యులేటెడ్ ప్రశ్న ప్యాచ్ నీకు రానే రాలే. ఉబుంటు 18.04 మామూలు సపోర్టు 2023 మేల అయిపోయింది. ఇంకోటి, మీ సార్లు అసైన్‌మెంట్ పీడీఎఫ్‌ల మీద మూడుల్‌లనే ఎర్ర పెన్నుతో టిక్కులు కొడతరా?

గుంటూరు_ల్యాబ్:
కొడతారన్నా, కరోనా అప్పట్నించి అందరికీ అదే అలవాటు.

పాత_లైనక్స్:
ఆ పేజీలని బొమ్మలుగ మార్చేది గోస్ట్‌స్క్రిప్ట్. స్టూడెంట్ ఇచ్చిన పీడీఎఫ్ నేరుగా దాని నోట్లకే పోతది. దాంట్ల 2023 జూన్‌ల సీవీఈ-2023-36664 అని పైప్ గుర్తుని సరిగ్గ ఆపక కమాండ్ నడిచేది బయటపడ్డది, 2024ల ఇంకోటి 29510 నంబర్‌ది, అది సేఫ్ మోడ్‌నే దాటేసేది. మూడుల్ తప్పేం లేదు దాంట్ల, మూడుల్ కోడ్ ఎంత సాఫ్ ఉన్నా అది పిలిచే ప్రోగ్రామ్ పాతదైతే గింతే. మీ 18.04కి మే తర్వాత మామూలు అప్‌డేట్లు బంద్, ఇది జూన్‌ది. లెక్క వేసుకో.

గుంటూరు_ల్యాబ్:
అయ్యబాబోయ్. ఆడిటర్ పోర్టల్ గురించి ఒక్కటే రాశాడన్నా, ఇదేం రాయలేదు.

శ్రావణి_సెక్:
ఆడిటర్లు చాలామంది యూఆర్ఎల్ ఇచ్చినదాన్నే స్కాన్ చేసి వెళ్ళిపోతారు, లోపల ఏ ప్రోగ్రామ్ ఏ ప్రోగ్రామ్‌ని పిలుస్తోందో చూడరు. మీరు సర్వర్‌లో వెబ్ యూజర్ పేరు మీద నడుస్తున్న ప్రాసెస్‌లు, క్రాన్ (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనులు), టెంప్ ఫోల్డర్లు, అప్‌లోడ్ ఫోల్డర్లలో పీహెచ్‌పీ ఫైళ్ళు ఏమన్నా ఉన్నాయా ముందు చూడండి. ఎవరన్నా ఇప్పటికే వచ్చి వెళ్ళినట్టు కనపడితే ఏదీ తుడిచెయ్యకుండా డిస్క్ కాపీ తీసి పెట్టండి, సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో చెప్పాలి.

గుంటూరు_ల్యాబ్:
అప్‌డేట్ ఇస్తున్నా. లోపల ఎవరూ వచ్చిన ఆనవాళ్ళు అయితే కనపడలేదు. పోర్టల్ ఆపేశాం, లెక్చరర్లు పీపీటీని వాళ్ళ సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేసి మూడుల్‌లో పెట్టమన్నాం, దానికే పెద్ద గొడవ. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేసి నాకూ సీఎస్ఈ హెచ్ఓడీ గారికీ మాత్రమే ఉంచాం. వెంకట్ గారు చెప్పిన రెండు లైన్లూ కాన్ఫిగ్‌లో పెట్టా. పీడీఎఫ్ మీద టిక్కులు కొట్టేది అప్‌గ్రేడ్ అయ్యేదాకా ఆపేశా. కొత్త సర్వర్ కావాలని లెటర్ పెట్టాను, ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు, మేనేజ్‌మెంట్ దగ్గరుంది. 3.9 నుంచి నేరుగా 4.5కి దూకొచ్చా?

డల్లాస్_వెంకట్:
ఒక్క దూకులో కుదరదు, 4.5 కావాలంటే కనీసం 4.1.2 నుంచి మొదలవ్వాలి. కొత్త మెషిన్‌లో కాపీ పెట్టుకుని ముందు 4.1 లేటెస్ట్, తర్వాత 4.5. మెట్టు మెట్టుకీ పీహెచ్‌పీ వెర్షన్ కూడా చూసుకోండి. పాత ప్లగిన్లలో ఏవి వాడట్లేదో ఇప్పుడే తీసేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

మెకానికల్_మాస్టారు:
4.1కి వచ్చాక కాలిక్యులేటెడ్ ప్రశ్నల హక్కు వెనక్కి ఇస్తారని మీ కాలేజీలో నా తరపున కూడా ఎవరన్నా ఒక లెటర్ పెట్టండయ్యా, మా కాలేజీలో అది చూపించుకుంటాను.